జీతం లేని పనే కదా, నోటీసెందుకు అంటే?

ప్రశ్న: "మున్సిపాలిటీ వార్డు కమిటీలోంచి నా పేరు చెప్పాపెట్టకుండా తీసేశారు. వాళ్లకి ఆ అధికారం ఉందా?"

తీసేసే అధికారం ఉండొచ్చు. తప్పు మోపి, చెప్పాపెట్టకుండా తీసేసే అధికారం మాత్రం ఎవరికీ లేదని నా వాదన. నాకూ ఇదే జరిగింది, అందుకే రాస్తున్నాను.

మాది తెలంగాణలో ఒక చిన్న మున్సిపాలిటీ. 2019 మున్సిపల్ చట్టం వచ్చాక వార్డుకి నాలుగు కమిటీలు పెట్టారు: యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు. ఒక్కోదాంట్లో 15 మంది. 2020 జనవరిలో ఎన్నికలయ్యాయి, ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది. ఆ హడావిడిలోనే ఇంటికొచ్చి నా పేరు రాసుకున్నారు. నేను లెక్కల టీచర్‌గా రిటైరయ్యాను. "మీలాంటి వాళ్లుండాలి మేడమ్" అంటే సంతోషంగా ఒప్పుకున్నాను.

రెండేళ్లు మనసు పెట్టి పనిచేశాను. వెలగని వీధిదీపాలు స్తంభం నంబర్లతో సహా రాసిచ్చేదాన్ని. ఎండాకాలంలో మొక్కలకి మా బోరు నీళ్లే పోశాను. తర్వాత లేఅవుట్‌లో పార్కుకని వదిలిన జాగాలో ఒకాయన ఇసుక, కంకర కుప్పలు పోసి వ్యాపారం మొదలుపెట్టాడు. మీటింగ్‌లో అడిగాను. కౌన్సిలర్ "చూద్దాం" అన్నారు. మూడు నెలలైనా చూడలేదు. ఆయన పట్టించుకోవడం లేదని కూడా కలిపి కమిషనర్‌కి కాగితం పెట్టి, రసీదు తీసుకున్నాను.

మూడు వారాలకి, ఒక సాయంత్రం, వార్డు కమిటీ వాట్సాప్ గ్రూప్‌లోంచి నన్ను తీసేశారు. అంతే. ఒక ఫోన్ లేదు, ఒక ఉత్తరం లేదు. ఈ రోజుల్లో ఆఫీసులన్నీ వాట్సాప్‌లోనే నడుస్తున్నాయి. మీటింగ్ కబురూ అందులోనే, ఆదేశమూ అందులోనే. రేపు ఫోన్ పోతే రుజువేదీ ఉండదు. సంతకం, తేదీ ఉన్న కాగితం ఇవ్వడం అంత కష్టమా?

మర్నాడు పొద్దున పాలు పోసే అబ్బాయి గేటు దగ్గరే అడిగాడు, "ఏమైంది టీచరమ్మా, మిమ్మల్ని తీసేసిన్రంట గదా?" ఏం చెప్పాలో తెలియలేదు. ముప్పై ఏళ్లు ఆ ఊరి పిల్లలకి పాఠం చెప్పిన దాన్ని. ఏం తప్పు చేస్తే తీసేశారో నాకే తెలియనప్పుడు వాడికేం చెప్పను? రెండు రోజులు గేటు దాటలేదు.

తర్వాత ఆఫీసుకెళ్లాను. ఒక అధికారి నింపాదిగా అన్నారు: "ఇది గౌరవ పదవి మేడమ్. జీతమా, భత్యమా? మీకు పోయిందేముంది?" ఆ మాటకి ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. జీతం తీసుకునేవాడికి ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం దొరకొచ్చు. ఊరికే పనిచేసే మనిషికి ఉన్నదల్లా వీధిలో పేరు. అది తీసేసేటప్పుడే ఇంకా జాగ్రత్తగా అడగాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని అదే చట్టంలో రాసుకున్నారు. మొక్క చస్తే సంజాయిషీ అడుగుతారు. మనిషిని తీసేస్తే ఒక్క మాట అడగరా?

10 రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. 30 రోజుల్లో రావాల్సిన జవాబు అప్పీలు వేశాకే వచ్చింది. తీర్మానంలో నా పేరు పక్కన "సమావేశాలకు హాజరు కానందున" అని ఉంది. దాంతోపాటు అడిగిన హాజరు పట్టీ నకలు కూడా ఇచ్చారు. ఐదు సమావేశాల్లో నాలుగింటికి నా సంతకం ఉంది. ఐదోది నా కంటి ఆపరేషన్ రోజు, ముందే చెప్పాను. ఇక నన్ను తీసేయమని ప్రతిపాదించింది ఎవరనుకున్నారు? నేను ఎవరి మీద కాగితం పెట్టానో ఆ కౌన్సిలరే.

తన సంగతి ఉన్నచోట తనే నిర్ణయించేవాడిగా కూర్చోకూడదని 1969లో క్రైపాక్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అటవీ శాఖ ఎంపిక బోర్డులో ఒక అభ్యర్థే సభ్యుడిగా కూర్చున్నాడు. తన పేరు వచ్చినప్పుడు పక్కకి తప్పుకున్నా కోర్టు ఒప్పుకోలేదు, ఎంపికంతా కొట్టేసింది. మా దగ్గర పక్కకి తప్పుకోవడం కూడా లేదు.

మీకు ఎవరో ఒకరు 1993 నాటి షాజహాన్‌పూర్ తీర్పు చూపిస్తారు. నామినేట్ చేసిన మున్సిపల్ సభ్యుల్ని ప్రభుత్వం తన ఇష్టం మీద తొలగించవచ్చని, వాదన వినక్కర్లేదని అందులో ఉన్న మాట నిజమే. కానీ వాళ్ల మీద నింద వేసి తీసేయలేదు. "హాజరు కానందున" అని రాశారంటే తప్పు మోపినట్టే. తప్పు మోపాక వినకుండా ఎలా కుదురుతుంది? ఏ లాయర్ కాదన్నా నేను ఒప్పుకోను.

మీరు ముందు తీర్మానం నకలు, హాజరు పట్టీ నకలు తీసుకోండి. అవి చూడకుండా ఏ అర్జీ పెట్టకండి. నోటితో వాళ్లు చెప్పే కారణాలు నమ్మకండి. ఉత్తర్వులో రాసిన కారణాన్ని బట్టే దాని మంచిచెడ్డలు చూడాలని, తర్వాత కొత్తవి కలపకూడదని 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

నేను సభ్యత్వం తిరిగి ఇమ్మని అడగలేదు. "హాజరు కానందున" అన్న ఆ రెండు మాటలు కొట్టేయమని మాత్రమే అడిగాను. 2025 జనవరిలో కౌన్సిల్ గడువు ముగిసి ప్రత్యేకాధికారి వచ్చారు. హాజరు పట్టీ జిరాక్స్ జతచేసి అదే అర్జీ ఆయనకీ ఇచ్చాను. రసీదు నా దగ్గర ఉంది.