ప్రాచీన కొరియా రాజుల్లో ఎవరి గురించి ఆధారాలతో చెప్పుకోగలం?

ప్రాచీన కొరియాను ఏలిన రాజుల్లో ఒకరి జీవితం, పాలన గురించి కట్టుకథలు కాకుండా చెప్పమని అడిగారు. నేను కొరియా నైరుతి భాగాన్ని ఏలిన ప్రాచీన రాజ్యం బేక్జేకు 25వ రాజైన మురియంగ్‌ను ఎంచుకుంటాను. ఉద్యోగరీత్యా దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ఉన్న రోజుల్లో పక్కనే ఉన్న గోంగ్జుకు సెలవుల్లో వెళ్తుండేవాణ్ణి. ఆయన సమాధీ, అందులో దొరికిన వస్తువులను దాచిన జాతీయ మ్యూజియమూ ఆ ఊళ్లోనే ఉన్నాయి.

ఆయన గద్దెనెక్కే నాటికి రాజ్యం చితికిపోయి ఉంది. 475లో ఉత్తరాన ఉన్న శత్రురాజ్యం గోగుర్యో సేనలు హాన్ నది ఒడ్డునున్న రాజధానిని పట్టుకుని గేరో రాజును చంపడంతో, రాజవంశం దక్షిణానికి తరలి, నేటి గోంగ్జు అయిన ఉంగ్జిన్‌లో తలదాచుకుంది. అక్కడా కుట్రలు ఆగలేదు. 501లో బేక్ గా అనే ప్రభువు డోంగ్‌సంగ్ రాజును హత్య చేయించగా, ఆ తర్వాత రాజైన మురియంగ్ అతని తిరుగుబాటును అణచి తల నరికించాడు.

గోగుర్యోతో ఆయన చేసిన యుద్ధాలనే చాలామంది ముందు చెబుతారు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది 510 నాటి ఆజ్ఞ: గట్లు పటిష్ఠం చేయాలి, పనీపాటా లేకుండా తిరిగేవారిని తిరిగి సేద్యంలో పెట్టాలి. పొలం పండకపోతే పన్నూ లేదు, సైన్యమూ లేదు. చెరువు గట్టు విలువ తెలిసిన మనవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 521లో చైనాలోని లియాంగ్ చక్రవర్తికి రాయబారిని పంపి, బేక్జే మళ్లీ బలమైన రాజ్యమైందని చెప్పించగలిగాడు. అక్కడి నుంచి మహాసేనాని బిరుదు వచ్చింది.

ఆయన సమాధి 1971 జూలైలో, పక్క సమాధుల్లోకి నీరు చేరకుండా కాలువ తవ్వుతుండగా బయటపడింది. దొంగల చేయి పడలేదు. అయితే జనం, విలేకరులు ఎగబడటంతో నెలల తరబడి జరగాల్సిన తవ్వకాన్ని దాదాపు ఒక్క రాత్రిలో ముగించేశారు. కొరియా పురావస్తు శాస్త్రవేత్తలు నేటికీ దాన్ని తలచుకుని బాధపడతారు. అయినా లోపలి శిలాఫలకం ఉన్న విషయం సూటిగా చెప్పింది: రాజు 523 అయిదో నెలలో, 62వ ఏట మరణించాడు, 525 ఎనిమిదో నెలలో ఖననమయ్యాడు. అంటే 27 నెలల పాటు భౌతికకాయం వేరేచోట వేచి ఉంది. సమాధి స్థలాన్ని భూదేవతల దగ్గర పదివేల నాణేలకు కొన్నట్టు రాసిన క్రయపత్రం కూడా రాతి మీదే ఉంది. పైన నిజంగానే లియాంగ్ ఇనుప నాణేలు పెట్టారు! పక్కనే కాపలాకు ఒక పొట్టి రాతి మృగం: నెత్తిన ఇనుప కొమ్ము, పెదాలకు ఎర్రరంగు.

లియాంగ్ పద్ధతిలో తామరపూల నమూనాల ఇటుకలతో కట్టిన ఆ గది, జపాన్ నుంచి తెచ్చిన కలపతో చేసిన శవపేటిక చూస్తే, సముద్రం దాటిన స్నేహాలు ఆయనకు ఎంత పనికొచ్చాయో అర్థమవుతుంది. ఆ పునాది మీదే కొడుకు సంగ్ 538లో రాజధానిని సాబీకి, అంటే నేటి బుయోకు, మార్చగలిగాడు.

మీరు వెళ్తే మ్యూజియంతోనే మొదలుపెట్టండి. అసలు సమాధిలోకి సందర్శకులను పంపరు, దగ్గర్లో కట్టిన నమూనాను చూడాల్సిందే. మ్యూజియంలో రాణి వెండి కడియాల దగ్గర కాసేపు ఆగండి. 520లో వాటిని చేసిన డారి అనే పనివాడి పేరు లోపలి అంచున చెక్కి ఉంటుంది.