కివీ సపోటాకు చుట్టమా?

ప్రశ్న: తోలు చూసి మా అత్తగారు కివీ పండును ‘సీమ సపోటా’ అంటున్నారు. బండి మీద కొన్న పండు గింజలను కుండీలో చల్లితే మొలిచి, ఏడాదిన్నరకు మోకాలెత్తు తీగ అయింది. ఇది నిజంగా సపోటా జాతిదేనా? మా ఇంట్లో కాస్తుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ అత్తగారి మాటను కొట్టిపారేయలేము. కివీది ఆక్టినిడియేసీ కుటుంబం, సపోటాది సపోటేసీ. కుటుంబాలు వేరైనా రెండూ ఎరికేలిస్ అనే ఒకే క్రమంలోకి (దగ్గరి కుటుంబాలను కలిపిన పెద్ద వర్గంలోకి) వస్తాయి. తేయాకు, బీడీలు చుట్టే తునికి కూడా ఆ క్రమానివే. అయితే ఈ చుట్టరికానికి తోలు సాక్ష్యం కాదు. కివీ మీద ఉన్నవి నూగు వెంట్రుకలు, సపోటా మీద ఉన్నది గరుకు పొట్టు. పైగా సపోటా కొమ్మను గిల్లితే పాలు కారతాయి, కివీ తీగకు పాలుండవు.

కివీ కుటుంబమైన ఆక్టినిడియేసీలో ఉన్నవి మూడే ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు): ఆక్టినిడియా, క్లెమటోక్లెత్రా, సౌరాయియా. మొదటి రెండూ తీగలు. సౌరాయియాలో పొదలు, చెట్లు ఉంటాయి, వాటిలో కొన్ని హిమాలయాల్లోనూ పెరుగుతాయి. కివీ పుట్టిల్లు చైనా. 1904లో గింజలు న్యూజిలాండ్ చేరాయి, 1959లో అక్కడి వ్యాపారులే ‘కివీ’ పేరు పెట్టారు.

ఈ కుటుంబంలో నాకు అన్నిటికంటే అందంగా తోచేది ఆడపువ్వు. అండాశయం మీద సుమారు ముప్పై కీలాలు (పుప్పొడిని అందుకునే సన్నని కాడలు) సూర్యకిరణాల్లా నలుదిక్కులకూ విచ్చుకుంటాయి. ఆక్టినిడియా అన్న పేరు కిరణమనే అర్థమున్న గ్రీకు మాట నుంచే వచ్చింది. పండును అడ్డంగా కోస్తే తెల్లని నడిబొడ్డు నుంచి సాగే గీతలు, వాటి మధ్య నల్లని గింజలు ఆ అమరికనే చూపిస్తాయి.

ఇక కాపు సంగతి. తాటిచెట్లలో లాగే కివీలోనూ ఆడ, మగ మొక్కలు వేరు. ఆడపువ్వులో కేసరాలు కనిపిస్తాయి గాని, వాటి పుప్పొడికి ఫలదీకరణ శక్తి లేదు. గింజ నుంచి మొలిచిన మొక్క ఆడదో మగదో పూత వచ్చేదాకా తెలియదు, కనుక ఒక్క కుండీని నమ్ముకుని కాపు ఆశించడం కష్టం. అన్నిటికంటే పెద్ద అడ్డంకి వాతావరణం: మొగ్గలు సరిగా విచ్చుకోవాలంటే చలికాలంలో 7 డిగ్రీలకు దిగువన కొన్ని వందల గంటలు గడవాలి, అంత చలి తిరుపతిలో పడదు. అందుకే మన దేశంలో హిమాచల్ ప్రదేశ్, అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో దీన్ని సాగు చేస్తున్నారు.

తీగను మాత్రం పీకేయకండి. వేసవిలో మధ్యాహ్నపు ఎండ తగలని చోటికి జరిపి, కుండీలో నీరు నిలవకుండా చూసుకోండి. లేత చిగురు మీద ఎర్రటి నూగు కనిపిస్తే, మీ అత్తగారికి కూడా చూపించండి.