సూర్యుడి అయస్కాంత పటం చదివేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు సౌర పరిశోధనలో చేరావని మీ నాన్న చెప్పినప్పటినుంచి మనసు నిలవడం లేదు. ఉద్యోగమంతా సూర్యమచ్చలతోనే గడిపినవాణ్ణి. నాకు ఆలస్యంగా తెలిసినవి నీకు ముందే తెలియాలి.

రేపు నీ ముందు నలుపు తెలుపుల మాగ్నెటోగ్రామ్, అంటే సూర్యుడి అయస్కాంత పటం పెడతారు. తెల్లనిది మన వైపు వచ్చే అయస్కాంత క్షేత్రం, నల్లనిది అవతలికి పోయేది. చూడటానికి ఫొటోలా ఉంటుంది, కానీ అది కొలిచి గీసిన లెక్క. కాంతిని రంగులుగా విడదీస్తే కనిపించే సన్నని గీతే వర్ణపట రేఖ; క్షేత్రంలో పడితే అది చీలుతుంది. 1908లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో ఖగోళ శాస్త్రవేత్త హేల్ సూర్యమచ్చలు అయస్కాంతాలని తేల్చింది ఆ చీలికతోనే. ఇప్పుడు సూర్యుణ్ణి గమనించే నాసా ఉపగ్రహం ఎస్‌డీఓ, 6173 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గరి ఇనుము రేఖను చూస్తూ 45 సెకన్లకొక పటం ఇస్తోంది. పటం జోలికి వెళ్లే ముందు ఒక వారం ఆ రేఖతోనే కూర్చో.

చేరిన కొత్తలో, పడమటి అంచుకు చేరిన ఒక తెల్లని మచ్చలో నల్లని ముక్క కనిపించింది. కొత్త క్షేత్రం పుట్టిందని సంబరంగా రాసేశాను. మా గురువుగారు కాగితం చూసి, "మచ్చ ఎక్కడుంది?" అని ఒక్కటే అడిగారు. పటం చెప్పేది మన చూపు దిశలోని భాగాన్నే. అంచు దగ్గర, మచ్చ చుట్టూ వాలి ఉన్న క్షేత్రం మనకు అవతలి వైపుకు తిరుగుతుంది కాబట్టి నల్లగా పడింది, అంతే. అందుకే ముందు స్థానం రాసుకో, తర్వాతే అర్థం చెప్పు.

మచ్చ ఎంత పెద్దదన్నది కాదు, నలుపు తెలుపులు ఎంత ఇరుకుగా ఒరుసుకుంటున్నాయో చూడు. ఆ రెంటినీ విడదీసే తటస్థ రేఖ మెలికలు తిరిగితే ఇక కన్ను తిప్పకు, అక్కడ విస్ఫోటం రావచ్చు. 2024 మేలో లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశాన్ని ఎర్రబరిచిన సౌర తుపానుకు మూలమైన, 13664 అని నంబరిచ్చిన మచ్చల గుంపులో వ్యతిరేక ధ్రువాలు అలాగే చిక్కుబడ్డాయి.

సూర్యుడి ధ్రువ ప్రాంతాలను చిన్నచూపు చూడకు. అక్కడి క్షేత్రం కొద్ది గాస్‌లే (గాస్ అంటే క్షేత్ర బలానికి కొలమానం) అయినా, వచ్చే సూర్యమచ్చల చక్రం బలాన్ని ముందుగా చెప్పేది అదే. ఉత్తర ధ్రువం సెప్టెంబరులో, దక్షిణ ధ్రువం మార్చిలో మన వైపు వాలతాయి. ఆ నెలల్లో సెలవు పెట్టకు తల్లీ.

రోజూ ఒక గుంపును పెన్సిలుతో గీయి. మొదటి వారం గీసినవి నాకు పోస్టులో పంపు, చూసి రాస్తాను.

మీ పెదనాన్న