ఎడమకు ఒరిగితే ముక్కు కుడికి ఎందుకు?

ప్రశ్న: గ్లైడర్ (ఇంజను లేని విమానం) శిక్షణ మొదలుపెట్టాను. ఎడమకు మళ్లడానికి స్టిక్‌ను (చేతితో నడిపే నియంత్రణ కర్రను) ఎడమకు వంచితే, ముక్కు ముందు కుడికి జరుగుతోంది. ఎలా సరిచేసుకోవాలి?

జవాబు: మీరు ఎడమకు ఒరిగేటప్పుడు కుడి రెక్కపై ఐలెరాన్ (రెక్క వెనుక అంచున కదిలే పలక) కిందికి దిగి అక్కడ లిఫ్ట్‌ను (పైకెత్తే బలాన్ని) పెంచుతుంది, దానితోపాటు గాలి నిరోధమూ పెరగడంతో ఆ రెక్క వెనుకబడి, ముక్కును తనవైపు లాగుతుంది. గ్లైడర్ రెక్కలు పొడవైనవి కనుక ఈ లాగుడు చిన్న ఇంజను విమానాల్లో కంటే స్పష్టంగా తెలుస్తుంది. రైట్ సోదరులు 1902లో కిట్టీహాక్ వద్ద ఇదే చిక్కును ఎదుర్కొని, తమ గ్లైడర్ తోకకు కదిలే రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే నిలువు పలక) అమర్చారు.

కాబట్టి స్టిక్‌తోపాటే, అదే వైపు పాదంతో రడ్డర్ పెడల్ నొక్కాలి; కావలసినంత ఒరిగాక రెండింటినీ తగ్గించాలి. కనోపీపై (కాక్‌పిట్ మీది పారదర్శక మూతపై) గాలి వాలు తెలిసేలా అంటించిన ఉన్నిదారం కొస కుడికి పోతే ఎడమ పాదం నొక్కండి. విమానాల్లో పక్కకు జారడాన్ని చూపే పరికరంలోని గుండు కుడికి జరిగితే మాత్రం కుడి పాదమే నొక్కాలి. కొత్తవారు తడబడేది ఇక్కడే.

నన్ను ఎక్కువగా కలవరపరిచేది దిగే ముందరి చివరి మలుపు. అక్కడ తక్కువ వేగంలో రడ్డర్‌ను అతిగా నొక్కితే, మలుపు లోపలి వైపు రెక్క ముందుగా స్టాల్ అయి (లిఫ్ట్ ఒక్కసారిగా తగ్గిపోయి) విమానం స్పిన్‌లోకి (గిరగిరా తిరుగుతూ పడిపోయే స్థితిలోకి) జారవచ్చు. కోలుకునేంత ఎత్తు అప్పుడు ఉండదు. ఈ మలుపులను శిక్షకుని వెంట, తగినంత ఎత్తులోనే అభ్యసించండి.