ఉపయోగితావాదం ప్రకారం కోళ్ళను, పశువులను పెంచి చంపి తినడం తప్పా?

"బాగా చూసుకుని, నొప్పి తెలియకుండా చంపితే ఉపయోగితావాదానికి అభ్యంతరం ఏముంటుంది? మనం తినకపోతే ఆ కోడి అసలు పుట్టేదే కాదు కదా?" అని మీరు అడిగారు. ఉపయోగితావాదం అంటే, ఒక పని వల్ల కలిగే సుఖదుఃఖాలను లెక్కేసి అది తప్పో ఒప్పో తేల్చే తత్వం. నా జవాబు ముందే చెప్పేస్తాను. చంపడం తప్పా కాదా అన్నది తర్వాతి సంగతి. ఆ ప్రాణి బతికిన రోజులు ఎలా గడిచాయన్నది ముందు చూడాలి. అది చూస్తే చాలు, ఇప్పటి బ్రాయిలర్ పెంపకాన్నీ, బోనుల్లో గుడ్ల కోళ్ళ పెంపకాన్నీ ఉపయోగితావాదం ఒప్పుకోదు. బాగా చూసుకుంటే అని మీరు పెట్టిన షరతు ఆ కోళ్ళ విషయంలో నెరవేరడం లేదు.

మాది మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా, ధర్మాబాద్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ. బాసర పక్కనే. బాపు ఎద్దులతో వ్యవసాయం చేసిన మనిషి. అక్కను ఇచ్చిన ఊళ్ళో బావకు బ్రాయిలర్ షెడ్డు ఉంది. ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో కంటే ఈ రెండు ఇళ్ళ మధ్య తిరుగుతుంటేనే ఎక్కువ అర్థమైంది.

జంతువుల సంగతి వచ్చినప్పుడల్లా ఈ వాదానికి పునాది వేసిన ఇంగ్లిష్ తత్వవేత్త జెరెమీ బెంథామ్ 1789లో రాసిన మాట చెప్తారు: అవి ఆలోచించగలవా, మాట్లాడగలవా అని కాదు, బాధపడగలవా అని అడగాలి అన్నాడు. చాలామంది అక్కడే ఆపేస్తారు. అదే చోట ఆయన మాంసం తినడాన్ని ఒప్పుకున్నాడు కూడా. రాబోయే కష్టాన్ని తలచుకుని మనలా అవి ఏళ్ళ తరబడి కుమిలిపోవు, మన చేతిలో వచ్చే చావు ప్రకృతిలో వచ్చే చావు కంటే తొందరగా, తక్కువ నొప్పితో అయిపోతుంది అని ఆయన వాదన. హింసపెట్టడానికి మాత్రం ఏ కారణమూ కనిపించడం లేదన్నాడు. అంటే మీ ప్రశ్నలో సగం రెండు వందల ఏళ్ళ కిందటే ఉంది. కాకపోతే ఆయన కాలంలో కోడి పెరట్లో తిరిగేది. షెడ్డు ఆయన చూడలేదు.

మిగతా సగం, మనం తినబట్టే అవి పుడుతున్నాయి అన్నది, 19వ శతాబ్దం చివర్లో లెస్లీ స్టీఫెన్ అనే ఇంగ్లిష్ రచయిత చెప్పాడు: పంది మాంసానికి గిరాకీ ఉంటే అందరికంటే ఎక్కువ లాభం పందికే అని. జంతువుల హక్కుల కోసం రాసిన హెన్రీ సాల్ట్ దీన్ని ఒప్పుకోలేదు. పుట్టని దానికి లాభం లేదు, నష్టం లేదు, కాబట్టి పుట్టించడాన్ని ఉపకారంగా లెక్క కట్టలేం అన్నాడు. 1975లో జంతు విముక్తి గురించి రాసిన తత్వవేత్త పీటర్ సింగర్ కూడా ఈ చిక్కుముడిని తేలిగ్గా కొట్టిపారేయలేదు. నేనైతే వాదన కోసం స్టీఫెన్ మాటే ఒప్పుకుంటాను. ఒప్పుకున్నా అది పనిచేసేది ఆ బతుకు బతకదగ్గదైతేనే. లేకపోతే అదే వాదన ఎదురు తిరుగుతుంది: కష్టాల బతుకును కోట్ల సంఖ్యలో పుట్టిస్తున్నాం అని తేలుతుంది.

ఇప్పుడు షెడ్డు సంగతి. కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చికెన్ తినేవాళ్ళలో చాలామంది లోపలికి వెళ్ళి చూసి ఉండరు. కోడిపిల్లలు, దాణా, మందులు కోళ్ళ కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్ళు, చాకిరీ బావవి. కిలోకి ఇంత అని పెంపకం కూలీ వస్తుంది. దాణా ఎక్కువ తిని బరువు తక్కువ వస్తే కోత పడుతుంది. ఒకరోజు వయసు పిల్లలు అట్టపెట్టెల్లో వస్తాయి. ఊక పరిచి, వెచ్చగా ఉండేలా బల్బుల కింద వదులుతారు. మొదటి రెండు వారాలు చూడటానికి నిజంగా ముచ్చటగా ఉంటుంది, పరిగెడతాయి, ఎగురుతాయి. ఆరు వారాలు తిరిగేసరికి రెండు కిలోలు దాటతాయి. చివరి పది రోజులు వాటిని చూస్తే గుండె బరువెక్కుతుంది. ఎక్కువసేపు కూర్చునే ఉంటాయి. కాళ్ళు ఆ బరువును మోయలేవు. కొన్నిటికి కాళ్ళు పక్కలకు జారిపోయి నీళ్ళ దాకా కూడా పోలేవు. ఊక తడిసి అమోనియా ఘాటుకు మన కళ్ళే మండుతాయి. అవి పొద్దస్తమానం ఆ ఊక మీదే.

ఇది బావ సరిగ్గా చూసుకోక జరిగేది కాదు. ఆ కోడి జాతినే అలా తయారు చేశారు. కెనడాలో అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు పాత జాతులను, కొత్త జాతిని ఒకే దాణాతో పెంచి 2014లో ఫలితాలు ప్రచురించారు. 56 రోజులకు 1957 నాటి జాతి 905 గ్రాములు తూగితే 2005 నాటిది 4,202 గ్రాములు తూగింది. ఎముకా, గుండే ఆ వేగాన్ని అందుకోలేకపోతున్నాయి. మా వైపు మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మధ్యాహ్నం కరెంటు పోతే అక్కా బావా గోనె సంచులు తడిపి కట్టుకుంటూ, నీళ్ళు చల్లుకుంటూ పరిగెడతారు. నోళ్ళు తెరిచి ఎగపోస్తూ వాళ్ళ కళ్ళముందే చచ్చిపోతాయి. ఇక బ్యాచ్ ఎత్తే రాత్రి కూలీలు ఒక్కో చేత్తో నాలుగైదు కోళ్ళను కాళ్ళు పట్టి తలకిందులుగా మోసి క్రేట్లలోకి తోస్తారు. రెక్కలు విరిగినవి అలాగే లారీ ఎక్కుతాయి. కత్తి పడే క్షణం ఎంత చిన్నదైనా, దానికి ముందు ఇదంతా ఉంది.

మా ఇంట్లో అవ్వ పెంచే నాటుకోడి బతుకు వేరు. పెంటకుప్ప గీకుతుంది, దుమ్ములో పొర్లుతుంది, గంప కింద పొదుగుతుంది, పిల్లల జోలికి వస్తే కుక్కను కూడా తరుముతుంది. ఏడాదికో రెండేళ్ళకో చుట్టాలు వచ్చిన రోజు కూరవుతుంది. బెంథామ్ వాదన ఈ కోడికి సరిపోతుంది. అక్కడ కూడా చంపడం తప్పే అనేవాళ్ళున్నారు, వాళ్ళ మాటకు విలువ ఉంది. కానీ ఈ రెండు కోళ్ళనూ ఒకే గాట కట్టి మాంసాహారం తప్పా ఒప్పా అని వాదించుకుంటే దేనికీ జవాబు దొరకదు.

ఎద్దుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మా ప్రాంతంలో జంతువుల మీద దయ అనగానే అందరికీ గుర్తొచ్చేది అవే. శ్రావణ అమావాస్యకు పోళా అని ఎద్దుల పండుగ చేస్తాం. తెలంగాణ వైపు పొలాల అమావాస్య అంటారు. ముందురోజు సాయంత్రం కాడి మోసిన మెడలకు పసుపు, నెయ్యి రాస్తారు. కొమ్ములకు రంగులు వేసి, బొబ్బట్లు తినిపించి, ఆ రోజు కాడి కట్టరు. బాపు మాలేగావ్ ఖండోబా జాతరలో తెచ్చుకున్న లాల్ కంధారీ జాతి ఎద్దుల జతకు పేర్లు పెట్టి పిలిచేవాడు. వాటిలో ఒకటి ముసలిదైంది. అప్పటికి 2015లో మహారాష్ట్ర చట్టం మారింది. 1976 నాటి చట్టంలో ఆవుల వధ మీదే ఉన్న నిషేధం ఎద్దులకూ వచ్చింది. అంగడిలో ముసలి ఎద్దును అడిగే నాథుడు లేడు. ఆ ఏడాది మరాఠ్వాడాలో కరువు. "మనకు చాకిరీ జేసిన దాన్ని కత్తికి పంపుతమా బిడ్డా, ఉన్న సొప్పలనే దానికీ ఇంత ఏద్దాం" అని బాపు చివరిదాకా సాకాడు. సొప్ప లేని ఇళ్ళవాళ్ళు కొందరు రాత్రిపూట ఊరి బయట వదిలేశారు. అవి ఎండిన చెరువు గట్ల వెంట తిరిగి, ప్లాస్టిక్ తిని, డొక్కలు పీక్కుపోయి చచ్చాయి. ఫలితాన్ని బట్టి తూచే ఉపయోగితావాది ఇక్కడ చట్టం ఉద్దేశం మంచిదని ఊరుకోడు. చంపకుండా ఆపితే చాలదు, ఆ తర్వాత మేత ఎవరు పెడతారో కూడా తేల్చమంటాడు. ఆకలితో నెలల తరబడి చావడం కంటే ఒక్క దెబ్బకు పోవడం నయం అనడం నాకు కష్టంగానే ఉంది, కానీ అదే నిజమనుకుంటున్నాను.

బాపు చేసింది లెక్క కాదు. అది రుణం తీర్చుకోవడం. ఉపయోగితావాదం ఆ బంధాన్ని సరిగ్గా చూడలేదు, ఇది దాని లోటే. అయితే బంధం మీదే ఆధారపడితే పేరు పెట్టుకున్న ప్రాణి వరకే దయ చేరుతుంది. బావ షెడ్డులో వేల పక్షులకు పేర్లుండవు, రిజిస్టర్లో రోజుకు ఎన్ని పోయాయో అంకె ఉంటుంది. వాటికి పోళా లేదు. వాటి కోసం ఎవరూ రోడ్డెక్కరు. ఎవరి బాధ అని అడగకుండా బాధను బాధగా లెక్కపెట్టే ఈ తత్వమే ఆ నోరులేని జీవాలను మన ముందుకు తెస్తుంది. అందుకే నాకు ఇది చల్లని లెక్కల తత్వం అనిపించదు.

ఆ లెక్క ఎంత పెద్దదో చూడండి. 2019 పశుగణనలో దేశంలో ఆవులూ ఎద్దులూ కలిపి 19.25 కోట్లు, కోళ్ళు తదితర పక్షులు 85.18 కోట్లు. పశుగణన చెప్పేది ఒక సమయంలో ఉన్నవాటిని మాత్రమే. ఆవు ఏళ్ళ తరబడి అదే ఆవు. బ్రాయిలర్ షెడ్డు ఏడాదిలో చాలాసార్లు నిండి ఖాళీ అవుతుంది కాబట్టి నిజంగా పుట్టి పోయే కోళ్ళు ఇంకా ఎన్నో రెట్లు. ఇంకో మాట. ఆరోగ్యం కోసమో ధర కోసమో మటన్ మానేసి చికెన్‌కు మారేవాళ్ళు ఉంటారు. ఒక మేకకు పది కిలోల మాంసం వస్తే, అదే మాంసానికి ఏడెనిమిది బ్రాయిలర్ కోళ్ళు కావాలి. మేక చేల గట్ల మీద తిరిగి మేసింది, కోడి షెడ్డులో కూర్చుంది. బాధను లెక్క పెడితే ఆ మార్పు తిరోగమనమే.

గుడ్డుకు చంపడం లేదు కదా అంటారు. బోనులో గుడ్ల కోడికి మన దేశంలో మామూలుగా దొరికే చోటు 450 చదరపు సెంటీమీటర్ల వరకే. ఏ4 కాగితం అంతకంటే పెద్దది. రెక్క విప్పలేదు, గుడ్డు పెట్టడానికి మరుగు ఉండదు. గుడ్లు పెట్టని మగపిల్లలను హేచరీల్లో పుట్టిన రోజే చంపేస్తారు. యూరోపియన్ యూనియన్ 2012 నుంచి అలాంటి ఉత్త బోనులను నిషేధించింది. మన దగ్గర 1960 నాటి జంతు హింస నివారణ చట్టం చాలినంత చోటులేని బోను నేరమే అంటుంది. మొదటిసారి నేరానికి అందులో రాసిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు.

పంట పండించినా పురుగులు, ఎలుకలు చస్తాయి కదా అని మీరు అడగొచ్చు. చస్తాయి. కానీ మా చేలల్లో పండే సోయాబీన్‌కు నూనె తీశాక మిగిలే పిండి వెళ్ళేది ఎక్కువగా దాణాలోకే. కోడిని తింటే ఆ పంట తగ్గదు, పెరుగుతుంది.

నేను బ్రాయిలర్ చికెన్ తినను. గుడ్లు అవ్వ కోళ్ళవైతే తింటాను. జాతరకు మేక కూర వండితే తింటాను, దాని మీద నా ఆలోచన ఇంకా తెగలేదు. కానీ నేను ఒక్కణ్ణి మానేయడంతో బావ షెడ్డులో ఏమీ మారదు. ఆయన బాధ కూడా ఈ లెక్కలోదే. "పక్షులు తక్కువేస్తే బ్యాంకు కిస్తీ ఎట్ల కట్టాలెరా" అంటాడు, అందులో అబద్ధం లేదు. కాబట్టి అడగాల్సింది కంపెనీలను, ప్రభుత్వాన్ని: నెమ్మదిగా పెరిగే జాతి, చదరపు అడుగుకు తక్కువ పక్షులు, ఆ నష్టం రైతు మీద పడకుండా పెంపకం కూలీ పెంపు, బోనులకు గడువు పెట్టి స్వస్తి. చికెన్ ధర పెరుగుతుంది. పెరగనివ్వండి. ఇప్పుడు ఆ తేడాను తన ఒంటితో కడుతున్నది ఆ కోడి.