చింతచెట్టు మీది మొక్కను ఇప్పుడే దించొద్దు

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు ఫొటోలూ కళ్ళజోడు పెట్టుకుని ఒకటికి నాలుగుసార్లు చూశాను. బెంగుళూరు సర్జాపూర్ రోడ్డులో అంత పెద్ద చింతచెట్టు ఇంకా మిగిలి ఉండటమే ఒక సంతోషం. దాని కొమ్మ మీద ఈ ఆర్కిడ్ మొక్క ఉండటం మరో సంతోషం. మాలి దాన్ని బందణికె, అంటే మన బదనిక, అన్నాడనీ, చెట్టు రసం పీల్చేస్తుంది కాబట్టి కొట్టేయాలని మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు పట్టుబడుతున్నారనీ రాశావు. నువ్వేమో దాన్ని బాల్కనీకి తెచ్చుకోనా అని అడిగావు. రెండూ వద్దు నాయనా. కాస్త ఓపిగ్గా ఇది చదువు.

మాలి మాటను కొట్టిపారేయకు. మదనపల్లె వైపు మనవాళ్ళు కూడా చెట్టు మీద మొలిచిన ప్రతిదాన్నీ బదనికే అంటారు. ఒకే పేరు కింద రెండు వేరు వేరు రకాల మొక్కలు కలిసిపోయాయి, అదే వచ్చిన చిక్కు. అసలు బదనికకు కట్టెలాంటి కాండం, మామూలు చెట్టాకులు ఉంటాయి. అది కొమ్మలోకి వేరు దింపి, అతుక్కున్న చోట బుడిపెలా ఉబ్బిస్తుంది. అది చెట్టు సొమ్ము తింటుంది, నిజమే. నీ ఫొటోలో ఉన్నది ఆర్కిడ్. దాని వేళ్ళు బెరడు మీద పాకుతాయి తప్ప లోపలికి దిగవు. చెట్టు దానికి నిలబడే చోటు మాత్రమే. వాననీళ్ళు, మంచు, బెరడు సందుల్లో చేరిన దుమ్మూ ఆకుల పొడీ, వీటితోనే బతుకుతుంది.

ఇది అసోసియేషన్ వాళ్ళకు నోటితో చెబితే నమ్మరు, చేసి చూపించు. నిచ్చెన ఎక్కి, తెల్లగా, సున్నం పూసినట్టున్న ఒక వేరు మీద స్ప్రే సీసాతో నీళ్ళు కొట్టు. చూస్తుండగానే ఆ తెలుపు పోయి పచ్చబడుతుంది. పైనున్న ఆ తెల్లటి పొర స్పంజిలా నీళ్ళు పీల్చుకుని గాజులా అయిపోతుంది, లోపలి పచ్చదనం అప్పుడు బయటపడుతుంది. ఆరగానే మళ్ళీ తెలుపే. చెట్టు రసం తాగే మొక్కకు ఈ ఏర్పాటుతో పనేముంది? నేను పాఠం చెప్పిన రోజుల్లో ఇది చూశాక పిల్లలెవరూ ఆర్కిడ్‌ను బదనిక అనలేదు.

ఇక ఏ ఆర్కిడ్ అన్నది. ఆకులు పట్టీల్లా సన్నగా, మధ్యకు మడిచినట్టు, కొసలు కిందికి వంగి ఉన్నాయి. కొస ఎవరో కొరికి వదిలినట్టుంది. చూడగానే వాండా టెస్సెల్లేటా అనిపించింది. కానీ ఆకుల్ని చూసి పేరు పెట్టొద్దు. అకాంపే ప్రేమోర్సాకు కూడా ఆకు కొస కొరికినట్టే ఉంటుంది, కాకపోతే దాని ఆకులు మరీ దళసరి, బిరుసు. నక్కతోక ఆర్కిడ్ అని పిలిచే రింకోస్టైలిస్ రెటూసా పూయనప్పుడు కూడా మనల్ని మోసం చేస్తుంది. పోయినేటి ఎండిన పూకాడ ఏదైనా మిగిలి ఉందేమో వెతుకు. కాడ పొడుగ్గా నిటారుగా ఉంటే వాండా, పొట్టిగా గుబురుగా ఉంటే అకాంపే, కిందికి వేలాడితే రింకోస్టైలిస్ అనుకోవచ్చు. అది కూడా అనుకోవడమే, తేల్చేది పువ్వే.

ఉగాది వెళ్ళి వారమైంది కదా, ఇంక ఎక్కువ రోజులు ఆగక్కర్లేదు. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి తొలి వానల దాకా ఎప్పుడైనా పూయొచ్చు. వాండా అయితే కాడకు ఐదారు నుంచి పది దాకా పూలు వస్తాయి. ఒక్కోటి దాదాపు రెండంగుళాల వెడల్పు. రేకుల వెనకవైపు తెల్లగా ఉంటుంది. ముందువైపు ఆకుపచ్చ కలిసిన పసుపు మీద గోధుమరంగు గళ్ళు, సన్నంచు నేత చీర మీద గళ్ళలా. మధ్యలో ముందుకు పొడుచుకొచ్చిన పెదవి రేకు ఊదా రంగు. పొద్దున్నే వెళితే వాసన కూడా తెలుస్తుంది. టెస్సెల్లేటా అంటే గళ్ళు గళ్ళుగా ఉన్నదనే అర్థం. ఈ మాట రాసినాయన మనకు పరాయివాడేం కాదు. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ డాక్టరు మన సామర్లకోటలో ఏళ్ళ తరబడి ఉండి కోరమాండల్ తీరపు మొక్కల్ని బొమ్మలు గీయించాడు. ఈ మొక్కకు 1795లో ఆ పేరు పెట్టి లోకానికి చెప్పింది ఆయనే. ఇక వాండా అన్నది మన సంస్కృతం మాటే.

దీనికి ముప్పు కూడా పాతదే. రాస్న పేరుతో దీని వేళ్ళను మందుకు వాడతారు, అందుకోసం అడవుల్లో చెట్లెక్కి పీకేస్తారు. మన దక్షిణాదిన రాస్న అంటే దుంపరాష్ట్రమే ఎక్కువ వాడతారు, అయినా ఆర్కిడ్ వేళ్ళకూ గిరాకీ ఉంది. సంతలోనో ఆన్‌లైన్‌లోనో వేళ్ళకు బెరడు ముక్కలు అంటుకుని ఉన్న ఆర్కిడ్ కనిపిస్తే అది అడవి నుంచి వచ్చిందని తెలుసుకో, కొనకు. ఆర్కిడ్ కుటుంబం మొత్తం దేశాల మధ్య వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం కిందికి వస్తుంది.

బాల్కనీ వద్దని ఎందుకంటున్నానో చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఊళ్ళో మామిడితోట నుంచి ఒకటి తెచ్చుకున్నాను. ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి కుండీలో నాటాను, రోజూ నీళ్ళు పోశాను. నెల తిరక్కుండా వేళ్ళు నల్లబడి మెత్తగా కుళ్ళిపోయాయి. గాలి ఆడాల్సిన వేళ్ళను మట్టిలో పూడ్చేశానని తర్వాత చదివితే గానీ తెలియలేదు. ఆ తోటలో అలాంటిది మళ్ళీ నాకు కనిపించలేదు. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ఒక్క మొక్కే కదా అనిపిస్తుంది. దీని కాయలో గింజలు ధూళిలా లెక్కలేనన్ని ఉంటాయి, కానీ ఏ గింజలోనూ మొలకకు తిండి నిలవ ఉండదు. బెరడు మీద సరైన బూజు దొరికి, అది తిండి అందిస్తేనే మొలుస్తుంది. అంటే మీ చింతచెట్టు బెరడు మీద ఆ బూజు ఒకప్పుడైనా ఉందన్నమాట. నువ్వు మొక్కను తెచ్చుకోగలవు గానీ ఆ బెరడును తెచ్చుకోలేవు. అందుకే పూలు కూడా కోయకు, కాయ నిలిస్తే పగిలేదాకా ముట్టుకోకు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. మొక్క మొత్తం, ఆకు కొస, వేళ్ళు, చెట్టు బెరడు విడివిడిగా ఫొటో తీయి. పక్కన రూపాయి బిళ్ళ పెడితే కొలత తెలుస్తుంది. పూశాక పువ్వును ముందు నుంచీ పక్క నుంచీ తీయి, పెదవి వెనక ఉండే చిన్న తోక కూడా కనబడాలి. మొక్కల, జంతువుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ సైట్‌లో పెట్టేటప్పుడు చోటు మరుగుపరిచే సదుపాయం వాడు. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఎక్కడుందో చెప్పొద్దు, ఎత్తుకుపోయేవాళ్ళు అక్కడే చూస్తారు. అసోసియేషన్ వాళ్ళు చెట్టునే కొట్టేస్తామంటే, కర్ణాటకలో 1976 నాటి చెట్ల సంరక్షణ చట్టం ఉందని, కొన్ని జాతులకు తప్ప ట్రీ ఆఫీసర్ అనుమతి తప్పనిసరని మర్యాదగా చెప్పు. గొడవ పడకు. రేపు కొమ్మ విరిగితే నీకు వాళ్ళ సాయమే కావాలి.

ఏప్రిల్, మే గాలివానలకు బెంగుళూరులో కొమ్మలు విరగడం మామూలే. ఆ కొమ్మే విరిగితే మాత్రం ఆలస్యం చేయకు, చెత్త లారీ వచ్చేలోపే మొక్కను తీయాలి. వేళ్ళను బెరడు నుంచి ఊడదీయకు, బెరడుతో సహా చెక్కించు. గరుకు బెరడున్న చెట్టుకే కట్టాలి. అదే చింతచెట్టు మరో కొమ్మయితే మరీ మంచిది. నీలగిరికి కట్టొద్దు, దాని బెరడు ఊడిపోతుంది. పొద్దుటెండ తగిలి మధ్యాహ్నం నీడ పడే వైపు చూసుకో. నూలు తాడో జనపనార తాడో వాడు, ఇనుప తీగ వేళ్ళను కోసేస్తుంది. మొక్క కదలకూడదు, అలాగని బిగించి ఉరేయకూడదు. మట్టి, ఎరువు ఏవీ వద్దు. వానలు పట్టేదాకా పొద్దున్నే వేళ్ళు తడిస్తే చాలు, ఆకుల మధ్య నీళ్ళు నిలవనీయకు. పచ్చటి కొస ఉన్న కొత్త వేరు బెరడును పట్టుకుంటే బతికినట్టే. తాడు దానంతటదే చివికిపోతుంది.

పూకాడ బయటికి రాగానే ఫోన్ చెయ్యి. ఆదివారం పొద్దున్నే మల్లేశ్వరం నుంచి బస్సెక్కి వచ్చేస్తాను. మాలిని కూడా ఆ పూట ఉండమను, వేరు మీద నీళ్ళు అతని చేతే కొట్టిద్దాం.

మీ పెద్దమ్మ