ప్రదర్శకుడా, ప్రదర్శనకారుడా?

సందేహం: బ్రిటిష్ కాలంలో లండన్‌లోనూ ఢిల్లీలోనూ జరిగిన పారిశ్రామిక, కళా ప్రదర్శనల మీద వ్యాసం రాస్తున్నాను. అందులో వస్తువులు పెట్టేవారికి విధించిన నిబంధనలను తెలుగులో చెప్పాల్సి వచ్చింది. ఎగ్జిబిటర్‌ను ప్రదర్శకుడు అనాలా, ప్రదర్శనకారుడు అనాలా, ప్రదర్శనదారు అనాలా? ‘వస్తువులు ప్రదర్శనకారులచే స్వంత బాధ్యతపై పంపబడవలెను, వాటిపై ధర వ్రాయబడరాదు, అవి తిరస్కరింపబడవచ్చును’ అని రాసుకున్నాను. ఇది సరైన తెలుగేనా?

సమాధానం: మాటల కూర్పు చూస్తే మూడూ నిలుస్తాయి. వాడుక చూస్తే మీకు పనికొచ్చేది ప్రదర్శకుడు ఒక్కటే. అది కూడా అన్నిచోట్లా కాదు.

ప్రదర్శనకారుడు అంటే ప్రదర్శన చేసేవాడు. చిత్రకారుడు, కళాకారుడు ఎలా వచ్చాయో ఇదీ అలాగే వచ్చింది, తప్పేమీ లేదు. కానీ నిరసన ప్రదర్శనలు వచ్చాక పత్రికలు ఆ మాటను ఊరేగింపులవాళ్లకు ఇచ్చేశాయి. ‘ప్రదర్శనకారులను పోలీసులు చెదరగొట్టారు’ అని చదివీ చదివీ అలవాటైన కంటికి, మీ వ్యాసంలో ప్రదర్శనకారులు తివాచీలు పట్టుకొచ్చారంటే ఏదో గొడవ జరగబోతోందనిపిస్తుంది. ఎగ్జిబిటర్‌ను అలాగే ఉంచేద్దామంటే అది సినిమావాళ్ల మాటైపోయింది. నిర్మాత, డిస్ట్రిబ్యూటర్, ఎగ్జిబిటర్ అంటే మూడోవాడు థియేటరు నడిపేవాడని అందరికీ తెలుసు. ఇక ప్రదర్శనదారు. సంస్కృత పదానికి పారసీ ‘దారు’ ఏమిటని కొందరు ముఖం చిట్లిస్తారు. వినియోగదారును రోజూ వాడుతూ ఆ అభ్యంతరం చెప్పలేం. అయితే ‘దారు’ అంటే కలిగినవాడు. ప్రదర్శన కలిగినవాడు అంటే దాన్ని నిర్వహించేవాడన్న అర్థం వచ్చే ప్రమాదం ఉంది. పైగా ఆ మాట జనంలో లేదు.

ప్రదర్శకుడికి ఈ చిక్కులు లేవు. దృశ్ ధాతువు నుంచి వచ్చిన ‘దర్శక’కు సంస్కృతంలో చూసేవాడు, చూపేవాడు అని రెండర్థాలూ ఉన్నాయి. తెలుగు ఆ రెండింటినీ ముందు చేరే ప్ర, సం అన్న ఉపసర్గలతో విడదీసుకుంది. వస్తువు చూపేవాడు ప్రదర్శకుడు, చూడ్డానికి వచ్చేవాడు సందర్శకుడు. మీ వ్యాసంలో ఇద్దరూ ఉంటారు కాబట్టి ఈ జంట మీకు కలిసొస్తుంది.

అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ఆ నిబంధనల్లో ఎగ్జిబిటర్ అన్న ప్రతిచోటా ప్రదర్శకుడు అని పెట్టుకుంటూ పోతే అర్థం చెడుతుంది. 1851లో లండన్ హైడ్ పార్కులో గాజు మేడ కట్టి జరిపిన మహా ప్రదర్శననే తీసుకోండి. మన దేశం నుంచి వెళ్లిన సరుకులో ఎక్కువ భాగాన్ని సేకరించి అక్కడ పెట్టింది ఈస్టిండియా కంపెనీ. వరంగల్ తివాచీలు కూడా ఆ ప్రదర్శనకు వెళ్లాయి. వాటిని నేసినవాడు ప్రదర్శకుడు కాడు, తయారుచేసినవాడు మాత్రమే. నేతగాడు ప్రదర్శకుడని రాశారా, అతను ఓడెక్కి లండన్ వెళ్లి స్టాల్ పెట్టాడని పాఠకుడు అనుకుంటాడు. ఇది భాషాదోషం కాదు, చరిత్రను తప్పు చెప్పడం.

ఢిల్లీ విషయంలో ఇంకో పేచీ ఉంది. అప్పటి వైస్రాయ్ కర్జన్ 1902 డిసెంబర్ 30న ప్రారంభించిన భారతీయ కళా ప్రదర్శనలో అమ్మకానికి పెట్టిన వస్తువులు ఒకవైపు, సంస్థానాధీశులూ పెద్ద కుటుంబాలవారూ చూపించడానికి మాత్రం ఇచ్చినవి మరోవైపు ఉండేవి. ఈ రెండో రకాన్ని ఏమనాలి? పాత తెలుగులో దీనికి చక్కటి మాట ఉంది: ఎరువు. వాడుకుని మళ్లీ అదే వస్తువును తిరిగిచ్చేది ఎరువు. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్న సామెతలోని సొమ్ము అంటే అలా అడిగి తెచ్చుకున్న నగలే. అరువులో అదే వస్తువు తిరిగి ఇవ్వాలన్న నియమం లేదు. నాకు ఎరువు మీదే మోజు. కానీ ఇవాళ ‘ఎరువు విభాగం’ అని రాస్తే పాఠకుడు యూరియా బస్తాల కోసం వెతుకుతాడు. కాబట్టి ‘తిరిగి తీసుకునే షరతు మీద ఇచ్చిన వస్తువులు’ అనండి. పొడుగైనా ఫర్వాలేదు. ఇచ్చినవాళ్లను వస్తువు యజమానులు అంటే సరిపోతుంది.

ఇప్పుడు మీ వాక్యం. ‘పంపబడవలెను’, ‘వ్రాయబడరాదు’, ‘తిరస్కరింపబడవచ్చును’: మూడు క్రియలూ కర్మణి ప్రయోగాలే, అంటే ‘బడు’ చేర్చి చేసేవాడిని వెనక్కి నెట్టేవి. శైలి సంగతి అలా ఉంచండి, నిబంధనకు ప్రాణమే ఎవరు అన్నది. ఎవరు పంపాలి, ఎవరు ఖర్చు పెట్టుకోవాలి, పగిలితే ఎవరు భరించాలి, కాదనే హక్కు ఎవరిది అన్నది తేల్చడానికే కదా నిబంధన రాసేది! 1851 ప్రదర్శనలో స్థలానికి అద్దె లేదు. సరుకును భవనం దాకా చేర్చడం మాత్రం ప్రదర్శకుడి ఖర్చు, నష్టం వచ్చినా అతనిదే. దీన్ని ‘స్వంత బాధ్యతపై’ అంటే పలచబడిపోతుంది. మనకు పూచీ ఉంది. ‘సరుకును ప్రదర్శకులే తమ ఖర్చుతో, తమ పూచీ మీద తెచ్చి ఇవ్వాలి’ అనండి. ‘వలెను’ పాత కాగితాల్లో బాగుంటుంది. మీరు ఇప్పటి వ్యాసం రాస్తున్నారు కాబట్టి ‘పంపాలి’, ‘ఇవ్వాలి’ అంటే చాలు.

‘తిరస్కరింపబడవచ్చును’లో ‘వచ్చు’ రెండు పనులు చేస్తుంది. రేపు వాన రావచ్చు అన్నప్పుడు ఊహ, మీరు లోపలికి రావచ్చు అన్నప్పుడు అనుమతి. మీ వాక్యం చదివితే తిరస్కరిస్తారేమో అన్న అనుమానమే మిగులుతుంది, అధికారం కనిపించదు. ఢిల్లీ ప్రదర్శనకు కర్జన్ పెట్టిన షరతులు మూడు: కళావస్తువులు తప్ప మరేవీ ఉండకూడదు, యూరప్ సరుకూ దాన్ని అనుకరించిన సరుకూ కనిపించకూడదు, మేలైనవే ఉండాలి. ఏది మేలైనదో, ఏది అనుకరణో తేల్చే పని దర్శకుడు జార్జి వాట్‌దీ, సహాయకుడు పెర్సీ బ్రౌన్‌దీ. ఆ పట్టు వాక్యంలో కనబడాలంటే ‘తిరస్కరించే అధికారం నిర్వాహకులకు ఉంటుంది’ అనాలి. అన్నట్టు వాట్‌ను దర్శకుడంటే మళ్లీ సినిమా గుర్తొస్తుంది, డైరెక్టర్ అన్నా అంతే. ప్రదర్శన ముఖ్యాధికారి అంటే గొడవ ఉండదు.

ధర సంగతి. 1851లో పెట్టిన వస్తువుల మీద వెల వేయకూడదన్న నియమం నిజంగానే ఉండేది. ‘రాయరాదు’ అన్నా తప్పు కాదు. అయితే తెలంగాణలో ‘జర కూర్చోరాదు’, ‘ఓసారి చెప్పరాదు’ అంటే కూర్చోమనీ చెప్పమనీ బతిమాలడం. బోర్డు మీది ‘ముట్టరాదు’ను ఎవరూ అపార్థం చేసుకోరు కానీ, వరసగా పది నిబంధనలు రాసేటప్పుడు ‘కూడదు’కు కట్టుబడితే ఏ ప్రాంతంవాళ్లకైనా ఒకే అర్థం వస్తుంది.

ఎగ్జిబిషన్‌కు ప్రదర్శన అన్నది సరే, ప్రదర్శనశాల అనకండి, అది మ్యూజియం. హైదరాబాదు పాఠకులకు నుమాయిష్ అన్నా చాలు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఆ ప్రదర్శన మొదటి పేరు నుమాయిష్ మస్నూఆతే ముల్కీ. ఈ దేశపు తయారీ వస్తువుల ప్రదర్శన అని అర్థం. ఉద్యోగాల గొడవ పుణ్యమా అని మనకు బాగా తెలిసిన ముల్కీయే ఇది. ఏ సరుకుకు చోటుందో ఆ పేరే చెప్పేస్తోంది, దాన్ని తెలుగు చేస్తే మీరు ‘ఈ దేశపు’ అన్న మాటను వదలకండి. బహుమతులు నిర్ణయించేవారికి మాత్రం న్యాయనిర్ణేతల మండలి లాంటి బరువు మాటలు అక్కర్లేదు. జ్యూరీ అంటే అందరికీ తెలుసు.